165 హెర్ట్జ్ మానిటర్ కొన్నా స్క్రీన్ మధ్యలో చీలుతోంది, తప్పు కార్డుదా మానిటర్‌దా?

కరకంబాడి_కుర్రోడు
కొత్త మానిటర్ తీసుకున్నా. 27 అంగుళాలు, 1440పీ, 165 హెర్ట్జ్. డబ్బా మీద ఫ్రీసింక్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060. గేమ్‌లో మౌస్ కాస్త వేగంగా తిప్పితే చాలు, బొమ్మ అడ్డంగా రెండు ముక్కలవుతోంది. పై సగం ఒక తావ, కింది సగం ఇంకో తావ. కరెంటు స్తంభం, తలుపు, గోడ అంచు, నిలువుగా ఏముంటే అది విరిగినట్టు కనిపిస్తోంది. జీటీఏ ఫైవ్‌లో ఎక్కువ, వాలరెంట్‌లో కొంచెం తక్కువ. పాత 60 హెర్ట్జ్ మానిటర్‌లో ఇట్లా ఎప్పుడూ లేదు.

కొన్న షాపుకి ఫోన్ చేస్తే "మానిటర్‌లో ఏమీ ఉండదు, మీ కార్డే పోతోంది, తెచ్చి ఇచ్చిపోండి, చూసి చెప్తాం" అన్నారు. కార్డు ఊడబీకి వాళ్ల చేతిలో పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఇంట్లో మా నాన్న అటుగా వెళ్తూ "ఇంత పోసి కొన్నది ఇదేనా" అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పుత్తూరు_కట్టు
విరిగిందంటున్నావు కదా, మా ఊరికి పట్టుకురా. ఆకు పసరేసి కట్టు కట్టిస్తాం.

అలిపిరి_ఆర్టీఎక్స్
కార్డు ఎవరికీ ఇవ్వొద్దు. ఇది రిపేరు పని కాదు, సెట్టింగుల పని. దీన్నే స్క్రీన్ టేరింగ్ అంటారు. ముందు ఇవి చెప్పు: ఏ కేబుల్ వాడుతున్నావు? ఆ కేబుల్ కార్డుకే పెట్టావా, మదర్‌బోర్డు వెనకున్న పోర్టుకా? విండోస్‌లో రిఫ్రెష్ రేట్, అంటే మానిటర్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ గీస్తుందో ఆ హెర్ట్జ్ అంకె, ఎంత చూపిస్తోంది? సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో ఉంటుంది. మానిటర్ బటన్లు నొక్కితే వచ్చే మెనూలో ఫ్రీసింక్ ఆన్‌లో ఉందా?

పీలేరు_పింగ్
వోల్టేజీ చూసుకో బ్రో. ఎండాకాలం మా వైపు సాయంత్రమైతే బల్బులు కూడా మినుకుమినుకుమంటాయి. స్టెబిలైజర్ పెడితే సర్దుకుంటుంది.

అలిపిరి_ఆర్టీఎక్స్
@పీలేరు_పింగ్ వోల్టేజీ తేడా వస్తే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, లేకపోతే మానిటర్ ఆరి వెలుగుతుంది. కదిలే బొమ్మ మాత్రమే, అదీ అడ్డంగా తెగడం కరెంటు వల్ల రాదు. యూపీఎస్ పెట్టుకోవడం మంచిదే, కానీ దీనికి మందు అది కాదు.

కరకంబాడి_కుర్రోడు
డబ్బాలో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్. కార్డుకే పెట్టా. విండోస్‌లో 60 హెర్ట్జ్ అని చూపిస్తోంది! ఫ్రీసింక్ మెనూలో ఎక్కడుందో ఇంకా దొరకలేదు, ఆ వెనకున్న చిన్న బటన్‌తో వేగడం కష్టంగా ఉంది.

కొర్లగుంట_క్లచ్
165 కొని 60లో ఆడుతున్నావా సామీ 😂

గేమింగ్‌సెంటర్_అన్న
నవ్వకండబ్బా, మా సెంటర్‌కి వచ్చే పిల్లల్లో ఇంట్లో 144 మానిటర్ ఉన్నవాళ్లు సగంమంది 60లోనే ఆడుతుంటారు. విండోస్ చాలాసార్లు తనంతట తాను 60లోనే మొదలుపెడుతుంది. మనమే వెళ్లి మార్చాలి.

అసలు టేరింగ్ ఎందుకొస్తుందో ఒకసారి అర్థం చేసుకుంటే మిగతావన్నీ సులువు. మానిటర్ బొమ్మను ఒక్కసారిగా వేయదు. పై వరస నుంచి కింది వరస దాకా గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ అయితే ఒకసారి పూర్తిగా గీయడానికి 16.7 మిల్లీసెకన్లు, 144కి 6.9, 165కి దాదాపు 6. ఇది గడియారం పట్టినట్టు సాగుతుంది. కార్డుకి అట్లాంటి లెక్క లేదు. సీన్ తేలికగా ఉంటే చకచకా ఫ్రేములు, అంటే ఒక్కో పూర్తి బొమ్మ, తయారుచేస్తుంది, బరువుగా ఉంటే ఆలస్యం చేస్తుంది. మానిటర్ సగం గీసేసరికి కార్డు కొత్త ఫ్రేమ్ తెచ్చి పెడితే, మిగతా సగం ఆ కొత్తదాంట్లోంచి గీస్తుంది. పైన పాత ఫ్రేమ్, కింద కొత్త ఫ్రేమ్. ఆ రెండూ కలిసేచోటే నీకు కనిపించే చీలిక. ఇందులో చెడిపోయిన వస్తువేదీ లేదు.

వీ-సింక్ అంటే మన కొండ మీద కంపార్ట్‌మెంట్ పద్ధతి. ఎంత ముందొచ్చినా లోపల కూర్చోవాలి, గేటు తీసినప్పుడే వదులుతారు. తోపులాట ఉండదు, కానీ ఎదురుచూపు తప్పదు. ఆ ఎదురుచూపు వల్ల మౌస్ కదిపాక బొమ్మ ఆలస్యంగా కదలడాన్నే ఇన్‌పుట్ లాగ్ అంటారు. ఫ్రీసింక్, జీ-సింక్ అంటే భక్తుడు రాగానే గేటు తీయడం. ఇక్కడ ఆగేది కార్డు కాదు, మానిటరే ఫ్రేమ్ కోసం ఆగుతుంది.

కొర్లగుంట_క్లచ్
మరి ట్రిపుల్ బఫరింగ్ అంటే 300 రూపాయల టికెట్టా అన్నా?

గేమింగ్‌సెంటర్_అన్న
కాదు, కూర్చోడానికి ఇంకో హాలు. నువ్వు గమ్మునుండు.

సీఆర్టీ_కాలం
ఈ 'పై నుంచి కిందికి' అన్నది పాత గాజు ట్యూబు మానిటర్ల నాటి నుంచి వస్తున్న సంగతి. ఎలక్ట్రాన్ కిరణం కింది అంచు దాకా గీసి మళ్లీ పై మూలకు వెళ్లేలోపు కాస్త ఖాళీ ఉండేది. దాన్నే వర్టికల్ బ్లాంక్ అనేవారు. ఆ ఖాళీలో ఫ్రేమ్ మారిస్తే ఎవరికీ తెలియదు. వీ-సింక్‌లో 'వీ' అక్షరం అక్కడిదే. కిరణం పోయి ఎల్‌సీడీ వచ్చినా ఆ ఖాళీ సిగ్నల్‌లో అట్లాగే మిగిలిపోయింది. ఫ్రీసింక్ చేసేది కూడా ఆ ఖాళీని అవసరమైనంత సాగదీయడమే.

ఎన్విడియా 2013లో జీ-సింక్ ప్రకటించినప్పుడు మానిటర్ లోపల వాళ్ల ప్రత్యేక బోర్డు ఉండాల్సిందే, దాని ధరా అట్లాగే ఉండేది. 2014లో వీసా సంస్థ డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏలో అడాప్టివ్-సింక్ చేర్చింది. ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎండీ దాని మీద ఫ్రీసింక్ తెచ్చింది, 2015 నుంచి మానిటర్లు వచ్చాయి. 2019 జనవరిలో ఎన్విడియా తన డ్రైవర్‌లో ఫ్రీసింక్ మానిటర్లకూ తలుపు తీసింది, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పైన అన్నిటికీ. అందుకే ఈ కుర్రోడి 3060 ఆ మానిటర్‌తో బాగానే పనిచేయాలి.

పుత్తూరు_కట్టు
వీసా అంటే కార్డు కంపెనీయా, అమెరికా వీసానా?

సీఆర్టీ_కాలం
రెండూ కాదు నాయనా. వీడియో ప్రమాణాలు రాసే సంస్థ.

కరకంబాడి_కుర్రోడు
రిఫ్రెష్ రేట్ మార్చబోతే జాబితాలో 144 దాకానే ఉంది, 165 కనపడలేదు. 144 పెట్టా. మౌస్ కదలికలోనే తేడా తెలుస్తోంది, డెస్క్‌టాప్ మీద కూడా. మానిటర్ మెనూలో 'గేమ్ సెట్టింగ్' కింద ఫ్రీసింక్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేశా. చీలిక చాలా తగ్గింది కానీ పోలేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ అన్న మాటే లేదు.

అలిపిరి_ఆర్టీఎక్స్
రెండింటికీ కారణం నీ హెచ్‌డీఎంఐ. నీ మానిటర్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0 అయ్యుంటుంది. 1440పీలో దాంతో 144 దాకా వెళ్తారు, 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ పెట్టమని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది చూడు. ఇక రెండోది, హెచ్‌డీఎంఐ 2.0 మీద నడిచే ఫ్రీసింక్ ఏఎండీ సొంత పద్ధతి, ఎన్విడియా కార్డు దాన్ని పట్టించుకోదు. అందుకే మానిటర్‌లో ఆన్ చేసినా కార్డు వైపు ఏమీ కనపడలేదు. చీలిక తగ్గినట్టు అనిపించింది 60 నుంచి 144కి వెళ్లావు కాబట్టి. ఒక్కో చీలిక స్క్రీన్ మీద నిలిచే సమయం సగానికన్నా తగ్గింది, అంతే.

డీపీ, అంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తెచ్చుకో. మిగతాది అది వచ్చాక చెప్తా.

హెచ్‌డీఎంఐ_హఠం
హెచ్‌డీఎంఐ 2.1 కేబుల్ కొంటే సరిపోదా? బంగారు పూతది మంచిదుంది.

అలిపిరి_ఆర్టీఎక్స్
కేబుల్ 2.1 అయినంత మాత్రాన మానిటర్‌లోని 2.0 పోర్టు 2.1 అవదు. బంగారు పూతా అంతే. తుప్పు పట్టకుండా చూస్తుంది, ఫ్రేములు కలపదు.

గేమింగ్‌సెంటర్_అన్న
డీపీ కేబుల్ విషయంలో ఒక జాగ్రత్త. పేరూ ఊరూ లేని కేబుళ్లలో కొన్నిటికి 20వ పిన్ కూడా కలిపేసి ఉంటుంది. అది పవర్ పిన్, మామూలు కేబుల్‌లో రెండు చివరలా కలపకూడదు. కలిపితే మానిటర్ నుంచి కరెంటు కార్డులోకి వెనక్కి వస్తుంది. మా సెంటర్‌లో ఒక సిస్టమ్ షట్‌డౌన్ చేశాక కూడా కార్డు మీద లైట్ వెలుగుతూ ఉండేది, మళ్లీ ఆన్ చేస్తే బూట్ అయ్యేది కాదు. కేబుల్ పీకితే అయ్యేది. కేబుల్ మార్చాక ఆ గొడవ లేదు. వీసా సర్టిఫైడ్ అని రాసున్నది తీసుకో, రెండు మీటర్లలోపు.

చంద్రగిరి_చార్జర్
తిరుపతిలో డీపీ కేబుల్ అడిగితే హెచ్‌డీఎంఐ చేతిలో పెట్టి "రెండూ ఒకటే" అంటారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకో. లేదా చెన్నై వెళ్లే పనుంటే రిచ్చీ స్ట్రీట్. పొద్దున రైలెక్కి రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

చిత్తూరు_చిన్నోడు
మాకు చెన్నై కన్నా బెంగళూరు ఎస్పీ రోడ్డే అలవాటు.

చంద్రగిరి_చార్జర్
ఒక్క కేబుల్ కోసం ఏ ఊరైనా ఒకటే, బస్ చార్జీలే కేబుల్‌ని మించిపోతాయి. ఇంకేదైనా పని కలుపుకోవాలి.

ర్యాంక్_పుషర్
ఇక్కడెవరూ చెప్పని మాట నేను చెప్తా. వాలరెంట్, సీఎస్2 లాంటివి ఆడేవాడు ఈ సింకులన్నీ ఆఫ్ చేసి, ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకి వచ్చే ఫ్రేముల లెక్క) హద్దు పెట్టకుండా ఆడాలి. చీలిక కనిపించనీ. కొత్త ఫ్రేమ్‌లో కొంత భాగమైనా ముందే కంటికి అందుతుంది. 300 ఎఫ్‌పీఎస్ వస్తుంటే ఒక్కో రిఫ్రెష్‌లో రెండుచోట్ల తెగినా, పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా కొంచెమే కాబట్టి పెద్దగా తెలియదు. వీ-సింక్ ఆన్ చేసి ర్యాంక్ ఆడేవాడిని నేను టీమ్‌లోకి తీసుకోను.

కొర్లగుంట_క్లచ్
నువ్వు నన్ను కూడా తీసుకోలేదు, నాది వీ-సింక్ ఆఫ్‌లోనే ఉంది.

ర్యాంక్_పుషర్
నీ సంగతి వేరే, నీకు ఎయిమ్ లేదు.

అలిపిరి_ఆర్టీఎక్స్
@ర్యాంక్_పుషర్ చెప్పింది షూటర్ గేముల వరకూ తప్పు కాదు. కానీ కుర్రోడు మొదట చెప్పిన గేమ్ జీటీఏ. 1440పీలో గ్రాఫిక్స్ పెంచి కారు నడుపుతూ ఊరంతా తిరిగేవాడికి మిల్లీసెకన్ల కన్నా బొమ్మ సాఫీగా ఉండటం ముఖ్యం. ఒకే మనిషి ఒక గేమ్‌కి ఒకలా, ఇంకోదానికి ఇంకోలా పెట్టుకోవచ్చు. ఎన్విడియాలో ప్రోగ్రామ్ సెట్టింగ్స్ ఉన్నది అందుకే.

మదనపల్లె_టమోటా
నాదీ ఇందులోనే అడుగుతా. ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 కార్డు, 75 హెర్ట్జ్ ఫ్రీసింక్ మానిటర్. ఫ్రీసింక్ ఆన్‌లోనే ఉంది, అయినా బరువైన గేముల్లో చీలుతుంది. తేలిక గేముల్లో లేదు.

అలిపిరి_ఆర్టీఎక్స్
ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీసింక్ రేంజ్ ఎంత చూపిస్తోంది? 48 నుంచి 75 అయ్యుంటుంది.

మదనపల్లె_టమోటా
అవును, 48–75. ఎట్లా చెప్పావు?

అలిపిరి_ఆర్టీఎక్స్
75 హెర్ట్జ్ మానిటర్లలో చాలావాటికి అదే ఉంటుంది. ఎఫ్‌పీఎస్ 48 కింద పడితే ఫ్రీసింక్ చేతులెత్తేస్తుంది, మళ్లీ పాత కథే. పెద్ద మానిటర్లలో ఎల్‌ఎఫ్‌సీ అని ఒకటుంటుంది. 40 ఎఫ్‌పీఎస్ వస్తే ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపించి 80 హెర్ట్జ్‌లో నడిపిస్తుంది. అది జరగాలంటే పై హద్దు కింది హద్దుకి కనీసం రెట్టింపు ఉండాలి. 48కి రెట్టింపు 96, నీకున్నది 75. అందుకే లేదు.

నీడలు, రిఫ్లెక్షన్లు తగ్గించి ఎఫ్‌పీఎస్ 50 పైన ఉండేట్టు చూసుకో. సీఆర్‌యూ అనే చిన్న టూల్‌తో కింది హద్దును 40 దాకా దించి చూసేవాళ్లున్నారు. అన్ని ప్యానెళ్లూ ఒప్పుకోవు, స్క్రీన్ నల్లబడితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రీసెట్ చేయడం తెలిసుండాలి.

మదనపల్లె_టమోటా
గ్రాఫిక్స్ తగ్గించే దారే నాకు నయం.

చిత్తూరు_ఎడిటర్
నేను గేములు ఆడను, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా. నాకూ అడ్డంగా సగం సగం కనిపిస్తోంది. పై సగం మామూలుగా, కింది సగం తెల్లగా వెలిగిపోతూ. ముఖ్యంగా తాళి కట్టే చోట, తలంబ్రాల చోట. పైన చెప్పిన రిఫ్రెష్ రేట్ అవీ చూశా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

గేమింగ్‌సెంటర్_అన్న
అన్నా, ఆ ఫ్రేమ్ దగ్గర వీడియో పాజ్ చేసి చూడండి. పాజ్‌లో కూడా ఉందా?

చిత్తూరు_ఎడిటర్
అన్న కాదు, అక్క. పాజ్ చేసినా ఉంది.

గేమింగ్‌సెంటర్_అన్న
సరే అక్కా. అయితే అది టేరింగ్ కాదు. టేరింగ్ మానిటర్‌కి పంపేటప్పుడు పుట్టేది, ఫైల్‌లో ఉండదు. పాజ్ చేస్తే కనపడదు, స్క్రీన్‌షాట్ తీసినా మామూలుగా రాదు. ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీస్తేనే పడుతుంది. మీది వీడియోలోనే ఉంది.

సీఆర్టీ_కాలం
పక్కన స్టిల్ ఫొటోగ్రాఫర్ కొట్టిన ఫ్లాష్ అది. వీడియో కెమెరా సెన్సర్ కూడా వరస తర్వాత వరసే చదువుతుంది. మధ్యలో ఫ్లాష్ మెరిస్తే, ఆ మెరుపు తగిలిన వరసలే తెల్లబడతాయి. తాళి కట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడే ఎక్కువ అన్నారు చూడండి, అందరూ ఒక్కసారే ఫ్లాష్ కొట్టేది అప్పుడే. ఏ కార్డు మార్చినా పోదు. ఆ ఒక్క ఫ్రేమ్ తీసేసి ముందు ఫ్రేమ్‌ని సాగదీయడమే దారి.

చిత్తూరు_ఎడిటర్
ఈ మాట మా ఆయనకి చూపించాలి, గ్రాఫిక్స్ కార్డు కొనాలని నెల నుంచి పోరుతున్నాడు.

పుత్తూరు_కట్టు
ఒక మగాడి కల చిదిమేశారు కదయ్యా.

కరకంబాడి_కుర్రోడు
డీపీ కేబుల్ వచ్చింది. పెట్టగానే 165 కనపడింది. కంట్రోల్ ప్యానెల్‌లో 'సెటప్ జీ-సింక్' అని కొత్తగా వచ్చింది, టిక్ పెట్టా. జీటీఏలో చీలిక పూర్తిగా పోయింది! 80, 90, 110, ఎంతొచ్చినా సాఫీగా ఉంది. అసలు ఇది వేరే గేమ్ అనిపిస్తోంది.

కానీ వాలరెంట్‌లో ఇంకా ఉంది. 200 పైన ఎఫ్‌పీఎస్ వస్తోంది.

అలిపిరి_ఆర్టీఎక్స్
165 దాటితే జీ-సింక్ పనిచేయదు. మానిటర్ అంతకన్నా వేగంగా గీయలేదు కదా. ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్' 162 పెట్టు. రిఫ్రెష్ రేట్ కన్నా కనీసం మూడు తక్కువ ఉంచడం వాడుక. అక్కడే వర్టికల్ సింక్ ఆన్ చెయ్యి. గేమ్ లోపల ఉన్న వీ-సింక్ మాత్రం ఆఫ్.

హెచ్‌డీఎంఐ_హఠం
ఇదేంటి? వీ-సింక్ వద్దని కదా జీ-సింక్ పెట్టింది. మళ్లీ వీ-సింక్ ఆన్ అంటావేంటి?

ర్యాంక్_పుషర్
నేనూ ఇదే అడుగుదామనుకున్నా.

అలిపిరి_ఆర్టీఎక్స్
జీ-సింక్ నడుస్తున్నప్పుడు కంట్రోల్ ప్యానెల్ వీ-సింక్ పాత వీ-సింక్‌లా ప్రవర్తించదు. హద్దు లోపల ఉన్నంతసేపు అది ఫ్రేముల్ని ఆపదు, మానిటరే కార్డుని అనుసరిస్తుంటుంది. ఎప్పుడన్నా ఒక ఫ్రేమ్ ఆలస్యమై ఆ వెంటనే ఇంకోటి తోసుకొచ్చినప్పుడు మాత్రం దాన్ని కాస్త నిలబెడుతుంది. వీ-సింక్ ఆఫ్‌లో ఉంటే 165 లోపల ఉన్నా స్క్రీన్ కింది అంచు దగ్గర సన్నగా చీలిక కనిపిస్తుంది. ఇది ఆ మిగిలిన చీలికకి. ఎఫ్‌పీఎస్ పైహద్దుకి తగలనంతవరకూ వీ-సింక్ లాగ్ మనకి రాదు. మూడు తక్కువ పెట్టమన్నది అందుకే.

వాలరెంట్‌లో లాగ్ తగ్గించే ఎన్విడియా రిఫ్లెక్స్ ఉంది కదా, అది ఆన్ చేస్తే నువ్వు చెప్పకుండానే హద్దు అదే పెట్టుకుంటుంది. 144కి 138 దగ్గర, 165కి 157 దగ్గర నిలబడుతుంది. ఆ అంకె చూసి ఎఫ్‌పీఎస్ పడిపోయిందని కంగారు పడొద్దు.

ర్యాంక్_పుషర్
సరే, జీ-సింక్, వీ-సింక్, రిఫ్లెక్స్ మూడూ కలిపితే లాగ్ తక్కువే, ఒప్పుకుంటా. కానీ అన్నీ ఆఫ్ చేసి 300లో ఆడితే ఇంకా తక్కువ. నేను అదే ఆడతా.

అలిపిరి_ఆర్టీఎక్స్
ఆడు తండ్రీ, ఎవరొద్దన్నారు.

కరకంబాడి_కుర్రోడు
రిఫ్లెక్స్ ఆన్ చేశా, 157 దగ్గరే నిలబడింది, గీత లేదు. మా నాన్న వెనక నిలబడి చూసి "ఇప్పుడు బాగుందిరా, ఏం మార్చారు" అన్నాడు. కేబుల్ అని చెప్పా. ఇంకో అనుమానం, పక్కన పాత 60 హెర్ట్జ్ మానిటర్ కూడా పెట్టుకుంటే మళ్లీ గొడవ వస్తుందా?

గేమింగ్‌సెంటర్_అన్న
పెట్టుకో. కొత్తదాన్ని మెయిన్ డిస్‌ప్లేగా ఉంచు, గేమ్ ఫుల్‌స్క్రీన్‌లో ఆడు. పక్క దాంట్లో యూట్యూబ్ నడుస్తుంటే కొందరికి గేమ్ తడబడుతుంది. అట్లా అయితే బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి చూడు. బోర్డర్‌లెస్‌లో ఆడేవాళ్లకు విండోసే ఫ్రేముల్ని సర్ది చూపిస్తుంది కాబట్టి మామూలుగా చీలిక ఉండదు, కాస్త లాగ్ ఉంటుంది. విండోస్ 11 అయితే 'ఆప్టిమైజేషన్స్ ఫర్ విండోడ్ గేమ్స్' ఆన్ చేస్తే డైరెక్ట్‌ఎక్స్ 10, 11 గేముల్లో ఆ లాగ్ కూడా తగ్గుతుంది.

చంద్రగిరి_చార్జర్
నాది ల్యాప్‌టాప్. ఆర్టీఎక్స్ 3050, ఫ్రీసింక్ మానిటర్‌ని హెచ్‌డీఎంఐతో కలిపా. చీలుతోంది. ల్యాప్‌టాప్‌కి డీపీ పోర్టే లేదు. నేనేం చేయాలి?

అలిపిరి_ఆర్టీఎక్స్
కంట్రోల్ ప్యానెల్‌లో 'కాన్ఫిగర్ సరౌండ్, ఫిజ్‌ఎక్స్' అన్న పేజీ తెరువు. ఏ పోర్టు ఏ చిప్‌కి కలిసి ఉందో అక్కడ బొమ్మ వేసి చూపిస్తుంది. హెచ్‌డీఎంఐ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి కలిసి ఉంటే ఎన్విడియా జీ-సింక్ దానిమీద రాదు. నీ టైప్-సి పోర్టు పక్కన డీ అక్షరంలో పీ ఇమిడిన గుర్తు ఉందా? ఉంటే టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడొచ్చు. అది నేరుగా ఎన్విడియాకి కలిసి ఉంటే నీ పని అయిపోయినట్టే. మోడల్‌ని బట్టి మారుతుంది, కొనేముందు ఆ పేజీ చూడు.

చంద్రగిరి_చార్జర్
హెచ్‌డీఎంఐ ఇంటెల్ కింద ఉంది, టైప్-సి ఎన్విడియా కింద. గుర్తు కూడా ఉంది. కేబుల్ ఆర్డర్ పెట్టా.

చిత్తూరు_చిన్నోడు
పీఎస్5 కూడా ఈ ఫ్రీసింక్ మానిటర్‌కి పెట్టుకోవచ్చా?

గేమింగ్‌సెంటర్_అన్న
పెట్టుకోవచ్చు, బొమ్మ వస్తుంది, కానీ వీఆర్ఆర్, అంటే ఫ్రేములని బట్టి రిఫ్రెష్ రేట్ మారడం, రాదు. పీఎస్5కి 2022 ఏప్రిల్ అప్‌డేట్‌తో వీఆర్ఆర్ వచ్చింది, అది హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉన్న టీవీ, మానిటర్ల మీదే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్‌ని కూడా ఒప్పుకుంటుంది.

హెచ్‌డీఎంఐ_హఠం
నాకు చీలిక లేదు. జీ-సింక్ ఆన్ చేస్తే లోడింగ్ స్క్రీన్‌లో, చీకటి సీన్లలో వెలుతురు గబగబా మారుతోంది. డీపీతోనే పెట్టా, పేరు చూసి నవ్వకండి.

సీఆర్టీ_కాలం
వీఏ అనే రకం ప్యానెల్ కదా? వీఏలో ఇది మామూలే. రిఫ్రెష్ రేట్ ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగితే చీకటి రంగుల వెలుతురు కూడా ఊగుతుంది. ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉంటే రాదు. నీ కార్డు ఎప్పుడూ అందుకోగలిగే అంకె దగ్గర హద్దు పెట్టు, 100 అనుకుంటే 100. జీ-సింక్‌ని 'ఫుల్‌స్క్రీన్ మోడ్' ఒక్కదానికే ఉంచు, విండోకి వద్దు. లోడింగ్‌లో కాస్త మిగిలినా సర్దుకోవాలి.

కొర్లగుంట_క్లచ్
నా మానిటర్‌లో కదిలేవాటి వెనక నీడ తోకలా వస్తుంది. అది కూడా టేరింగేనా?

గేమింగ్‌సెంటర్_అన్న
కాదు, అది గోస్టింగ్. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ లేదా రెస్పాన్స్ టైమ్ అని ఉంటుంది, మధ్యస్థంలో పెట్టు. అన్నిటికన్నా పైది పెడితే తోక పోయి తెల్లటి అంచు వస్తుంది. టెస్ట్‌యూఎఫ్ఓ సైట్ తెరిచి కదిలే బొమ్మ చూస్తూ మార్చుకో.

ఎస్వీయూ_హాస్టల్_లైనక్స్
విండోస్ లేనివాడిని కూడా పట్టించుకోండి. ఉబుంటు, ఎన్విడియా కార్డు, ఎక్స్11 సెషన్ (లైనక్స్‌లో బొమ్మ చూపించే పాత పద్ధతి). గేమ్ సంగతి దేవుడెరుగు, బ్రౌజర్‌లో వీడియో చూస్తుంటేనే మధ్యలో గీత.

సీఆర్టీ_కాలం
ఎన్విడియా ఎక్స్ సర్వర్ సెట్టింగ్స్ తెరిచి, డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే 'ఫోర్స్ ఫుల్ కాంపోజిషన్ పైప్‌లైన్' ఉంటుంది. టిక్ పెడితే గీత పోతుంది, గేముల్లో కాస్త వేగం తగ్గొచ్చు. ఏఎండీ వాళ్లకయితే ఎక్స్ఆర్గ్ కాన్ఫిగ్‌లో 'టేర్‌ఫ్రీ' ఆప్షన్ ఉంది. ఇవన్నీ వద్దనుకుంటే లాగౌట్ అయి లాగిన్ స్క్రీన్ మూలలో ఉండే చక్రం నొక్కి వేలాండ్ సెషన్ ఎంచుకో. దాంట్లో సగం గీసిన ఫ్రేమ్ బయటికి వెళ్లకుండానే కట్టారు.

ఎస్వీయూ_హాస్టల్_లైనక్స్
వేలాండ్‌లోకి వెళ్లా, గీత పోయింది. ఓబీఎస్‌లో మాత్రం స్క్రీన్ రికార్డింగ్ నల్లగా వస్తోంది.

సీఆర్టీ_కాలం
పాత ఎక్స్ సోర్స్ తీసేసి పైప్‌వైర్ స్క్రీన్ క్యాప్చర్ సోర్స్ పెట్టు. ఏ మానిటర్ రికార్డు చేయాలో ఒక కిటికీ వచ్చి అడుగుతుంది, ఎంచుకుంటే వస్తుంది.